ఉన్ని టోపీ తీసిన సాయంత్రం

కీల్‌పోర్ట్ రేవులో ఆ సాయంత్రం కూడా పడవ రద్దయింది.

మొన్న గాలి అన్నారు. నిన్న ఇంజను అన్నారు. అటుమొన్న కార్లు దిగే ఇనప పలక సగంలో బిగుసుకుపోయి, పడవ ఒడ్డు దాకా వచ్చి కూడా మనుషుల్ని దించకుండానే వెనక్కి పోయింది. ఈ రోజు పొగమంచు. టికెట్ల గదిలో పిల్ల అద్దానికి ‘రద్దు’ అని రాసిన అట్టముక్క తగిలించి గోళ్ళకి రంగు వేసుకుంటోంది. మళ్ళీ ఎప్పుడని రోనా అడిగితే తలైనా ఎత్తలేదు. పొగమంచుని అడగమంది.

రోనా సంచి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ సంచిలో తను పనిచేసే రొట్టెల కొట్టు పొయ్యిలో, యజమాని కళ్ళు కప్పి కాల్చుకున్న మాంసం కూరిన రొట్టె ఉంది. ఇంకా వేడిగానే ఉంది. అంత జాగ్రత్తగా కాల్చినందుకు ఇప్పుడు ఆ వేడి చూస్తేనే ఏడుపొస్తోంది.

క్లైడ్ నది సముద్రంలో కలిసే ఆ చోట నీళ్ళు ఎంత వెడల్పంటే, ఎండ కాసిన రోజున అవతలి ఒడ్డు మీది ఇళ్ళు చక్కెర పలుకుల్లా మెరుస్తాయి. ఆ పలుకుల్లో ఒకటి లాక్లన్ వాళ్ళది. పడవ నడిస్తే ఒక టీ తాగేంతలో వచ్చేయొచ్చు. నడవకపోతే కొండల చుట్టూ, సరస్సుల చుట్టూ తిరిగే రోడ్డొకటి ఉంది. దాని మీద చీకటి పడ్డాక బస్సు కూడా ఉండదు.

లాక్లన్ ఆ పడవ మీదే తాళ్ళు కట్టే పని చేసేవాడు. రేపటి నించి చెయ్యడు. ఎగువ రేవులో సరుకు ఓడ ఎక్కి దక్షిణ సముద్రాలకి వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ చూసేది వచ్చే చలికాలమే. వెళ్ళే ముందు నిన్నొక మాట అడగాలి, ఎదురుగా నిలబడే అడగాలి అన్నాడు. ఆ మాట ఏమిటో రోనాకి తెలుసు. దానికి తను చెప్పబోయే జవాబు ఎన్నాళ్ళ నించో పెదాల చివర కూర్చుని ఉంది. ఆ మాటకీ ఈ జవాబుకీ మధ్య రోజూ ఈ నీళ్ళు.

రేవు పక్కన ఓడలు చూసేవాళ్ళు కూర్చునే చెక్క చావడి ఉంది. అందులో డూగల్ తాత ఒక్కడే ఉన్నాడు. బైనాక్యులర్స్ మెడలో వేలాడుతున్నాయి. ఎదురుగా పాల తెరలాంటి పొగమంచు తప్ప ఏమీ లేదు. అయినా అలవాటు కొద్దీ అటే చూస్తున్నాడు.

రోనా వచ్చి పక్కన కూలబడితే ఆయన ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. ఈ పడవ నడిచిన రోజునే పండగ చేసుకునేలా ఉందిక మన ఊరు అన్నాడు. సంచి వాసన చూసి, ఆ కుర్రాడు రాకపోతే ఆ మాంసం రొట్టె సంగతి నేను చూసుకుంటానే అన్నాడు. రోనాకి నవ్వు రాలేదు.

“ఈదుకుంటూనైనా రావచ్చు కదా తాతా, అంత ఇష్టమున్నవాడు.”

“వస్తాడు వస్తాడు. వచ్చి నీ ఇంటి మెట్ల మీద గడ్డకట్టి నిలబడతాడు. మీ అత్త కొయ్య అనుకుని వాడికి కోటు తగిలిస్తుంది.”

డూగల్ తాత బతుకంతా పెద్ద ఓడలకి దారి చూపించే చిన్న పడవలో గడిచింది. కళ్ళకి కనపడనప్పుడు చెవులతో చూస్తాడు. అదిగో ఇసుక ఓడ, దానికి ఆయాసం అన్నాడు. అదిగో ఉక్కు మోసేది, తాగుబోతులా ఒక పక్కకి ఒరిగి పోతుంది అన్నాడు. రోనా ఊ కొడుతూ ఫోను చూసుకుంటోంది. తరవాత ఆయన మాట ఆగిపోయింది.

నీళ్ళ మీద ఏదో కదులుతోంది. ఇంజను చప్పుడు కాదు. తడిసిన తాడుని ఎవరో నిదానంగా చెక్క మీద ఈడ్చినట్టుంది. ఒక ఈడ్పు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక ఈడ్పు.

“అదేం ఓడ తాతా?”

డూగల్ తాత మూతలో మిగిలిన టీ నేల మీద పారబోసి ఫ్లాస్కు బిగించాడు. చావడిలో దీపం పెట్టేదాకా ఆయన లేవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఇప్పుడు లేచాడు.

“ఇంటికి పో పిల్లా,” అన్నాడు చిన్నగా. “దీపానికి టోపీ పెట్టుకో.”

*

ఆ టోపీ సంగతి ఆ ఒడ్డున అందరికీ తెలుసు.

పడవ మీద పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో నది వైపు కిటికీలో ఒక దీపం ఉంటుంది. చీకట్లో పడవ ఇంటి ముందు నించి పోతున్నప్పుడు పడవలోని మనిషి టార్చి ఆర్పి వెలిగించి అడుగుతాడు. ఇంట్లో మనిషి దీపంతో జవాబు చెబుతుంది. నేనున్నాను, నువ్వున్నావా, అంతే ఆ ముచ్చట. ఎప్పుడూ నీళ్ళే ముందు అడగాలి, ఇల్లే తరవాత చెప్పాలి. పొగమంచు దిగితే మాత్రం టీ చల్లారకుండా కెటిల్ మీద తొడిగే ఉన్ని టోపీ తెచ్చి దీపానికి తొడిగేస్తారు. పొగమంచులో పడవలు నడవవు. నడవని రోజున నీళ్ళ మీంచి ఎవరైనా అడిగితే జవాబు చెప్పకూడదు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్ళిపోతారు.

రోనా మేనత్త జెస్సీ ఈ విషయంలో మరీ చాదస్తం. ఆమె మొగుడు కూడా పడవ మనిషే. ఒక పొగమంచు రోజున పోయాడు. ఎలా పోయాడో అత్త ఎప్పుడూ చెప్పలేదు. ఆ సాయంత్రం చర్చి పక్క హాల్లో పేకాటకి వెళ్తూ కూడా, అప్పుడే ఇంట్లోకి వచ్చిన రోనా చూస్తుండగా టోపీ దీపం మీదికి మెడ దాకా లాగి వెళ్ళింది. అది పచ్చా ఎరుపూ చారల టోపీ. దాన్ని చూస్తే రోనాకి దీపం పక్కన ఎవరో ముసలాయన తల వంచుకుని కూర్చున్నట్టు ఉండేది.

అత్త వెళ్ళాక రోనా మాంసం రొట్టె బల్ల మీద పెట్టింది. తెల్ల గుడ్డ పరిచింది. రెండు పళ్ళేలు, రెండు గ్లాసులు. జుట్టు విప్పి మళ్ళీ జడ వేసుకుంది. అప్పుడు లాక్లన్ నించి సందేశం వచ్చింది. పొగ కాస్త పల్చబడితే ఒక్క ట్రిప్పు వేస్తానంటున్నాడు కెప్టెన్, కిటికీ దగ్గరే ఉండు అని.

అంతే, రోనా కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చుంది. ఆ చిన్న ఆశ లేకపోయినా బాగుండేది. పూర్తిగా రద్దంటే ఏడ్చి పడుకునేది. ఇప్పుడు ఏడవడానికీ లేదు, పడుకోవడానికీ లేదు. అద్దం మీద ఊపిరి ఆవిరి పడుతోంది, తుడుస్తోంది, మళ్ళీ పడుతోంది. మాంసం రొట్టె చల్లారింది. దాని అంచు మీద కొవ్వు తెల్లగా పేరుకుంది. ఫోనులో ఓడల పటం తీసింది. నది మీద తిరిగే ప్రతి ఓడా అందులో పేరుతో సహా ఒక చిన్న బాణపు ములుకులా కనిపిస్తుంది. లాక్లన్ పడవ ములుకు అవతలి ఒడ్డుకి అతుక్కునే ఉంది. కానీ ఆ పటం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. పడవ ఇవతల కార్లు దింపుతుంటే అందులో ఇంకా నడి నీళ్ళలోనే చూపిస్తుంది. దాన్ని నమ్మేదెవరు అనుకుంది.

పొగ పల్చబడలేదు. ఇంకా చిక్కబడింది. వీధి దీపాలు ఒక్కొక్కటే ఉండలా ముద్దకట్టి కరిగిపోయాయి. సముద్రపు నాచు వాసన కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తోంది. దూరంగా తాడు ఈడ్చిన చప్పుడు.

అప్పుడు కనిపించింది.

పొగమంచు లోపల ఒక వెలుగు. రెండు చిన్నవి... కాస్త ఆగి... ఒక పొడుగుది.

రోనా కుర్చీలోంచి లేచింది. అది లాక్లన్ చెయ్యే. వాడి టార్చి మీట బిగుసు. రెండు సార్లు నొక్కాక బొటనవేలు నొప్పెట్టి ఆగుతాడు. ఆ ఆగడం ఇంకెవరికీ రాదు. వాడి నడక ఎంత గుర్తో, ఆ ఆగడం అంత గుర్తు ఆమెకి. కెప్టెన్ వేసేశాడు ట్రిప్పు. వస్తున్నాడు.

చెయ్యి టోపీ మీద పడింది. అత్త మొహం ఒక్క క్షణం కళ్ళ ముందు మెదిలింది. ఇన్ని రోజుల విసుగు, గాలి, ఇంజను, ఇనప పలక, గోళ్ళ రంగు పిల్ల, అన్నీ కలిసి పొంగుకొచ్చాయి. ఇక ఈ టోపీ కూడానా. రోనా దాన్ని లాగి నేల మీదికి విసిరేసింది.

దీపం గొలుసు లాగింది. ఒక పొడుగు, ఒక చిన్నది. చివర్లో ఆర్పడానికి మనసు రాక కాసేపు వెలిగించే ఉంచింది. ఎప్పుడూ అలాగే చేసేది. లాక్లన్ అందుకు ఏడిపించేవాడు, నీ దీపానికి నన్ను వదలబుద్ధి కాదే అని.

వెలుగు మళ్ళీ అడిగింది. ఈసారి దగ్గరగా.

ఫోను మోగింది.

“రోనా, క్షమించవే,” అన్నాడు లాక్లన్. వెనకాల పళ్ళేల చప్పుడు, వాళ్ళమ్మ దగ్గు. “రద్దు చేసేశారు. కెప్టెన్ ఇంటికెళ్ళిపోయాడు. ఇందాకటి నించి చేస్తున్నాను, నీకు కలవట్లేదు.”

రోనా కిటికీ నించి వెనక్కి జరిగింది.

“లాకీ... నువ్వు ఇప్పుడు టార్చి వెయ్యలేదా?”

“ఎక్కడి నించి? మా వంటింట్లో ఉన్నాను. టార్చి నా సంచిలో సర్దేశాను.” అవతల కుర్చీ జరిగిన చప్పుడు. “ఏం చేశావ్?”

రోనా చెవి దగ్గర నించి ఫోను తీసి పటం చూసింది. నది మధ్యలో ఒక కొత్త ములుకు ఉంది. దాని పక్కన పేరు లేదు. మిగతావన్నీ రంగుల్లో ఉంటే అది బూడిద రంగులో ఉంది. ఇటే వస్తోంది. రేవు దాటింది. ఆగాల్సిన చోట ఆగలేదు. నీళ్ళ గీత దాటి చెక్క చావడి మీదిగా ఎక్కింది. రోడ్డు మీదికి వచ్చింది. రొట్టెల కొట్టు మలుపు దగ్గర నిదానంగా తిరిగింది... వీళ్ళ సందులోకి.

ఆగింది.

కింద వాకిలి తలుపు కిర్రుమంది.

తడిసిన తాడు. మెట్టు మీద ఒక ఈడ్పు. నిశ్శబ్దం. ఇంకో మెట్టు. కుళ్ళిన నాచు, డీజిలు, పాత ఉన్ని వాసన తలుపు సందులోంచి గదిలోకి పాకింది. రోనా దీపం తీగ గోడలోంచి ఊడబెరికింది. దీపాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బల్ల కింద కూర్చుంది. ఫోనులోంచి లాక్లన్ గొంతు దోమలా వినిపిస్తోంది. రోనా, రోనా, అక్కడ ఎవరు...

అడుగులు తలుపు ముందు ఆగాయి.

తట్టలేదు.

తలుపు కింది సందులోంచి వెలుగు లోపలికి వచ్చింది. రెండు చిన్నవి... కాస్త ఆగి... ఒక పొడుగుది.

అడుగుతోంది.

రోనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెలుగు మళ్ళీ వచ్చింది. మళ్ళీ. విసుగు లేదు దానికి. ఇన్ని రోజులు రోనా పడవ కోసం విసుక్కుంటూ చూసింది కదా, ఇది అలా కాదు. ఎంతసేపైనా అడిగేలా ఉంది. ఒళ్ళో దీపం చిన్నగా వెచ్చబడింది. తీగ నేల మీద పడి ఉంది. గోడకి లేదు. అయినా వెచ్చబడింది... రోనా కళ్ళు గట్టిగా మూసుకుంది. రెప్పల మీద ఎర్రగా వెలుగు పడింది. ఒక పొడుగు. ఒక చిన్నది. ఆ తరవాత ఆరకుండా కాసేపు.

తలుపు అవతల ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు.

*

పొగమంచులో ఎవరూ రాలేదని పేకాట ఆపేసి అత్త తొందరగానే వచ్చింది. తలుపు తీసేసరికి మెట్ల మీద నీళ్ళు ఉన్నాయి. నేల మీద టోపీ ఉంది. ఆమె కేకలేస్తుందని రోనా అనుకుంది. వెయ్యలేదు. వంగి టోపీ తీసి దుమ్ము దులిపింది.

“జవాబు చెప్పావా?”

“ఒక్కసారే అత్తా. లాకీ అనుకున్నాను. అచ్చం వాడి చెయ్యే.”

“ఆ రోజు నాకూ అచ్చం మీ మావయ్య చెయ్యే అనిపించింది,” అంది అత్త. కుర్చీలో కూర్చుంది, కోటు విప్పలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అంది. “వాళ్ళ చెయ్యి దానికి ముందే వచ్చే ఉంటుందే. అది పట్టుకెళ్ళేది మన జవాబు. ఆ జవాబు చూపించే వాళ్ళని రప్పించుకుంటుంది.”

 పొయ్యి మీద ఏమీ మాడకపోయినా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తెల్లవారేసరికి ఆకాశం కడిగిన గాజులా ఉంది. ఇంత మంచి ఆకాశం నిన్న ఏం చేసిందని రోనాకి ఒళ్ళు మండిపోయింది. లాక్లన్ పాల వ్యాను పట్టుకుని చీకటితోనే కొండల దారిన ఎగువ రేవుకి వెళ్ళిపోయాడు. ఓడ ఎక్కే ముందు ఫోను చేశాడు. వెనకాల క్రేన్ల మోత. ఆ మాట ఇప్పుడే అడిగేస్తానే అన్నాడు. వద్దంది రోనా. ఫోనులో వద్దు, వచ్చాక ఎదురుగా అడుగు. అది కాదు, ముందు నేను చెప్పేది విను, ఓడ మా ఇంటి ముందు నించి పోయేటప్పుడు టార్చి వెయ్యకు. ఎంత బుద్ధి పుట్టినా వెయ్యకు, కిటికీలో ఏం కనపడినా...

అవతల నించి ఏమీ లేదు. ఎప్పుడు తెగిపోయిందో తెలియదు. ఎంతవరకు విన్నాడో తెలియదు. మళ్ళీ చేస్తే కలవలేదు. మళ్ళీ చేసింది. సందేశం పంపింది. వెళ్ళకుండా అక్కడే గుండ్రంగా తిరుగుతోంది. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

మధ్యాహ్నం అత్తా తనూ దీపం పట్టుకెళ్ళి రేవు చివర నించి నీళ్ళలో పారేశారు. ఇత్తడి దీపం, రాయిలా మునిగింది. ఇంటికి తాళం వేసి అత్త తాళంచెవి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. ఓడ వచ్చేదాకా రేవు మీదే ఉందాం, కిటికీలో కాకుండా ఇక్కడ మనల్ని చూస్తాడు అంది.

చలికాలం కదా, టీ వేళకే చీకటి పడింది. సరిగ్గా అప్పుడే ఓడ వచ్చింది. డూగల్ తాత చావడిలోంచి లేచి వీళ్ళ పక్కన నిలబడ్డాడు. తుప్పు ఎరుపు రంగు ఓడ, బరువుకి నడుము లోతు నీళ్ళలో మునిగి, ఏ చప్పుడూ లేనట్టు జారిపోతోంది. దాని వెనక రెయిలింగు దగ్గర, ఓడ దీపాల వెలుగులో, ఒక చిన్న మనిషి. రోనా చెయ్యి ఊపింది. ఎగిరి ఊపింది. మెడలోని ఎర్ర ఉన్ని గుడ్డ లాగి ఊపింది. రేవు మీద దీపాలు పాడై వారమైంది. ఆ చీకట్లో ఆమె ఎవరికి కనిపిస్తుంది. అతను రేవు వైపు చూడనే లేదు. ఊరి వైపు, పైన ఇళ్ళ వరస వైపు చూస్తున్నాడు.

టార్చి వేశాడు. రెండు చిన్నవి, కాస్త ఆగి, ఒక పొడుగుది.

“వద్దు లాకీ,” అంది రోనా. పక్కనున్న అత్తకి కూడా వినపడలేదు.

డూగల్ తాత బైనాక్యులర్స్ ఓడ మీద లేవు. వెనక్కి తిరిగి ఊరి వైపు చూస్తున్నాడు. 

“జెస్సీ,” అన్నాడు. “మీ ఇంట్లో ఎవరున్నారు?”

అత్త చెయ్యి కోటు లోపలి జేబులోకి పోయింది. తాళంచెవి ఉంది. రోనా తిరిగి చూసింది. వరసలో వాళ్ళ కిటికీ. అందులో వెలుగు. ఒక పొడుగు. ఒక చిన్నది. ఆ తరవాత ఆర్పడానికి మనసు రాక...

చేతిలో ఫోను వణికింది. ఇంతసేపటికి ఆ పాడు ఫోను పనిచేసింది. లాక్లన్.

‘ఎదురుగా అడగలేకపోయాను కదా. టార్చితోనే అడిగేశాను. నీ దీపం చూశాను. అవుననే కదూ?’

కాదు అని కొట్టింది రోనా. అది నేను కాదు అని కొట్టింది. లోపలికి వెళ్ళిపో, రెయిలింగు దగ్గర నిలబడకు. వేళ్ళు తప్పుతున్నాయి. పంపింది. సందేశం వెళ్ళకుండా అక్కడే గుండ్రంగా తిరుగుతోంది.

ఓడ కొండ మలుపు తిరిగింది. ముందు దాని ముక్కు, తరవాత మధ్య దీపాలు, చివరికి వెనక దీపం కూడా కొండ చాటుకి వెళ్ళిపోయాయి. నీళ్ళు నల్లగా మిగిలాయి.

టార్చి వెలుగు మాత్రం వెళ్ళలేదు.

ఓడ వదిలి వెళ్ళిన నురగ మధ్యలో, నీళ్ళకి జానెడు ఎత్తున, అది అక్కడే ఉంది. రెండు చిన్నవి... కాస్త ఆగి... ఒక పొడుగుది.

పైన కిటికీలో దీపం ఇంకా ఆరలేదు.